చెప్పినంతే రాయి

పరీక్షల డ్యూటీ చార్టు గోడకు అంటించిన రోజున మా కాలేజీ స్టాఫ్‌రూంలో చిన్న సైజు తిరునాళ్ళ జరుగుతుంది. ఎవరికి ఏ గది పడిందో చూసుకోవడం, నచ్చకపోతే ఎవరిని బతిమాలి మార్చుకోవాలో ఆలోచించుకోవడం. ఆ చార్టులో అందరూ కోరుకునే గది ఒకటుంది. మొదటి అంతస్తు చివర, క్యారమ్ బోర్డులు దాచుకునే ఆటల గది. చూపులేని విద్యార్థులు స్క్రైబ్‌ని పెట్టుకుని పరీక్ష రాసేది అక్కడే. విద్యార్థి నోటితో చెబితే స్క్రైబ్ చేత్తో రాస్తారు. పక్కవాడి పేపర్లోకి తొంగిచూసే బెడద లేదు, ఒళ్ళో చిట్టీ పెట్టుకునే అవసరం లేదు. అందుకే మావాళ్ళు దానికి 'రెస్టు డ్యూటీ' అని పేరు పెట్టుకున్నారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, ముందురోజు పెళ్ళికి వెళ్ళి నిద్ర చాలనివాళ్ళు దానికోసం పోటీపడేవారు.

నేనెప్పుడూ ఆ గది అడగలేదు. నాకు హాలే కావాలి. చున్నీ అంచుకి కుట్టిన చిట్టీ, వాటర్ బాటిల్ లేబుల్ లోపలివైపు రాసుకున్న పాయింట్లు, ఏవీ నా కంటబడకుండా పోయేవి కావు. పిల్లలు నాకు 'స్కానర్' అని పేరు పెట్టారు. నాకు తెలియదనుకునేవారు. తెలుసు, పైగా నచ్చింది కూడా. చదువు చెప్పడం ఒకెత్తు, చదివినవాడి మార్కులు చదవనివాడు ఎత్తుకుపోకుండా చూడటం ఒకెత్తు అని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం.

ఆ ఏడాది సెమిస్టర్ పరీక్షల మొదటిరోజే ఇద్దరిని బుక్ చేశాను. వాళ్ళలో ఒకడి తరఫు పెద్దలు ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని నానా యాగీ చేశారు. మా ప్రిన్సిపాల్ మెత్తని మనిషి. నాంపల్లిలోనే పుట్టి పెరిగారు, ఎవరి మనసూ నొప్పించకుండా రోజు గడిస్తే అదే పదివేలు అనుకునే రకం. సాయంత్రం నన్ను పిలిపించి చాయ్ తెప్పించారు.

"మేడం, రేపటి సంది మీరు జర ఆటల గదిల కూసోండ్రి. మీకూ ఆరామ్, నాకూ ఆరామ్" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "దొంగల్ని వదిలేసి కానిస్టేబుల్‌ని లోపలేసినట్టుంది సార్" అని మొహం మీదే అనేశాను. ఆయన నవ్వి బిస్కెట్ల ప్లేటు నా వైపు తోశారు. చేసేదేం లేక మర్నాడు ఆటల గదికి వెళ్ళాను.

అక్కడ పరీక్ష రాసేది నా క్లాసు పిల్లే. ఎం.ఏ. చరిత్ర, రెండో ఏడు. పసితనంలో జ్వరం వచ్చి చూపు పోయిందట. తండ్రికి బేగం బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం, ఇల్లు నాంపల్లి స్టేషన్‌కి దగ్గర్లో ఒక గల్లీలో. మాటకారి. మొదటిరోజు క్లాసులో నేను నాలుగు ముక్కలు మాట్లాడానో లేదో, "మేడం, మీరు కిష్ణోళ్ళా, గోదారోళ్ళా?" అని అడిగింది.

"హైదరాబాద్‌లోనే పుట్టాను. మాది హిమాయత్‌నగర్" అన్నాను.

"గది మీ ఇల్లు మేడం. నేనడిగేది నాలిక."

క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వక తప్పలేదు. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో మా తాతయ్య బందరు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మూడు తరాలైనా మా ఇంట్లో నాలుక మాత్రం ఇంకా కృష్ణా జిల్లా దాటి రాలేదు.

చదువులోనూ ఆమె చురుకే. రెండు సెమిస్టర్లుగా క్లాసులో అందరికంటే ముందుంది. లెక్చరర్ కావాలని పట్టుదల. "నేను డ్యూటీల ఉంటే చిట్టీ పెట్టుకున్నోని ఊపిరి బట్టే పట్టుకుంటా మేడం" అనేది. ఆ ఒక్క మాటకే ఆమె మీద నాకు మమకారం. నా పని అందుకునేవాళ్ళు ఒకరున్నారులే అనుకునేదాన్ని.

ఆమెకు స్క్రైబ్‌గా వచ్చేది వాళ్ళ బిల్డింగులోనే పైవాటాలో ఉండే అమ్మాయి. డిగ్రీలో కామర్స్ చదువుతోంది. రెండు జడలు, నుదుట విభూతి, పెద్దవాళ్ళెదురైతే గోడకు ఒదిగి దారిచ్చే పిల్ల. స్క్రైబ్ చదువు తక్కువదై ఉండాలి, సబ్జెక్టు వేరేదై ఉండాలి అని నిబంధన. ఆ లెక్కన ఏ లోటూ లేదు. అయితే నిబంధన రాసినవాళ్ళకి గానీ మాకు గానీ తట్టని సంగతి ఒకటుంది. ఇంట్లో ఆమె పుస్తకాలన్నీ రోజూ పైకి చదివి వినిపించేది కూడా ఈ పిల్లే. చదివి చదివి కామర్స్ పిల్లకి చరిత్ర మొత్తం నోటికొచ్చేసింది.

ఆ రోజు పేపరు మధ్యయుగపు దక్కన్ వర్తకం. కిటికీ అవతల అబిడ్స్ రోడ్డు హారన్ల మోత. గదిలో ఆమె గొంతు, పెన్ను గీకుడు తప్ప వేరే చప్పుడు లేదు. పట్టపగలు ఫ్యాను కింద ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. పట్టుకోవడానికి ఎవరూ లేరు. ఇద్దరినే మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను.

ఆమె ధారగా చెబుతోంది. మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. తల వెనక్కి వాల్చి పెదవులు కదుపుకుంటూ ఏదో వెతుక్కుంటోంది. పెన్ను మాత్రం ఆగలేదు. చెప్పింది అందుకుంటోంది కాబోలు అనుకున్నాను. ఇంకాసేపటికీ ఆమె నోరు విప్పలేదు, పెన్ను ఇంకో పేరా మొదలెట్టింది. స్కానర్‌కి పని దొరికింది. చప్పుడు కాకుండా లేచి ఆ పిల్ల వెనక నిలబడ్డాను. బందరు రేవులో ఏ సరుకు దిగేదో, ఏ దారిన గోల్కొండకు చేరేదో, చక్కటి దస్తూరీలో బారులు తీరి ఉంది. అందులో ఒక్క ముక్క కూడా ఆమె నోట వచ్చింది కాదు.

"పెన్ను కింద పెట్టు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

కామర్స్ పిల్ల ఉలిక్కిపడి లేచి నిలబడింది. ఆమె మాత్రం తల ఇటు తిప్పి, "ఏమైంది మేడం?" అంది.

ఇద్దరూ కలిసే ఆడుతున్నారని అనుకున్నాను. నా మీద నాకే కోపమొచ్చింది, ఇన్నాళ్ళూ ఎవరిని చూసి మురిసిపోయానో అని. "ఊపిరి బట్టి పట్టుకుంటానన్నావుగా, పక్కన పెన్ను చప్పుడు వినబడలేదా?" అంటూ ఆ పేరా పైకి చదివాను.

ఆమె మొహంలో రంగు మారింది. "గది నేను చెప్పలే" అంది మెల్లగా. తర్వాత పక్కకు తిరిగి, "ఎవరు చెప్పిన్రే గది? నేను చెప్పలే గదా?" అని అడిగింది.

కామర్స్ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీకు వస్తది అక్కా. మొన్ననే చదివినం గద ఇద్దరం. జర యాదికి రాలే, గంతే. హాల్ల రాసేటోళ్ళు పేజీ ఎనకకు తిప్పి చూస్కుంటరు, మర్చిపోయింది కలుపుకుంటరు. నీకు గట్ల చూస్కునేందుకు లేదు. గందుకే నేనే..."

"ఎప్పటి సంది?"

"మొదటి సెమిస్టర్ సంది."

"అన్ని పేపర్లల్లనా?"

"అన్నిట్ల కాదక్కా. నువ్వు ఆగినకాడ."

ఎన్నో దొంగతనాలు పట్టాను గానీ ఇలాంటిది పట్టడం అదే మొదలు. దొంగిలించినదాంట్లో దొంగకి దక్కిందేమీ లేదు. పైగా ఆ పిల్ల మాటలో కొంత నిజముంది, అదే నన్ను ఇంకా చిరాకుపెట్టింది. "ఆమెకు గుర్తొస్తుందో రాదో చూడటానికే కదే పరీక్ష పెట్టింది!" అని కసిరాను. కసిరాక ఏం చేయాలో తోచలేదు. నిబంధన ప్రకారమైతే కేసు బుక్ చేయాలి. రాసిన చేయి ఎవరిదైనా కేసు విద్యార్థి మీదే. ఆ సెమిస్టర్ పరీక్షలన్నీ రద్దవుతాయి. చేయని తప్పుకి ఏడాది పోతుంది. అలాగని చూసింది చూడనట్టు ఊరుకోవడం నా ఒంటికి పడదు. మింగలేక కక్కలేక ప్రిన్సిపాల్‌కి కబురుపెట్టాను.

ఆయన వచ్చి అంతా విని నన్ను గుమ్మం దగ్గరికి పిలిచారు. గొంతు తగ్గించానని ఆయన అనుకున్నారు గానీ గదంతా వినిపించింది. "మేడం, పాపం చూపులేని పిల్ల. గిసొంటి కాడ మనం చూసీ చూడనట్టు పోతే ఏం పోతది? పుణ్యమే వస్తది. మీ ముందు ఈ గదిల కూసున్నోళ్ళు చూడలేదనుకుంటున్నరా? అందరూ చూసిన్రు. ఎవరన్నా నోరు తెరిచిన్రా?"

నేను నోరు తెరిచేలోపే లోపలినుంచి ఆమె మాట వినిపించింది.

"అందరికీ ఎర్కేనా సార్? నాకొక్కదానికే తెల్వదా?"

ప్రిన్సిపాల్ తడబడ్డారు. "గట్ల కాదు బిడ్డా, నీ మంచికే..."

"మీ పుణ్యానికి నా మార్కులెందుకు సార్?"

ఆయన తల దించుకున్నారు. కోపం తెచ్చుకోలేదు, అది ఆయన మంచితనం. ఆమె నా వైపు తిరిగింది. "మేడం, రాసింది మల్ల చదివించుకోవచ్చు గద. కొట్టెయ్యమని చెప్పొచ్చు గద. నేను చెప్పనిదంతా కొట్టేస్తే మిగిలింది నాదే గద?"

ఆ మాట నాకు తట్టనందుకు సిగ్గేసింది. హాల్లో ఎవరైనా తాము రాసింది కొట్టేసుకోవచ్చు, ఆమె ఎందుకు కొట్టేసుకోకూడదు? అయితే పేపర్లో ఇంకా ఒక పెద్ద ప్రశ్నకి జవాబు రాయాల్సి ఉంది. కొట్టివేతలకి కూర్చుంటే దానికి టైము చాలదు. ఆ మాటే చెప్పాను. "పోనీయ్ మేడం, చదువున్రి" అంది.

చదవడం మొదలుపెట్టాను. నేను ఒక్కో వాక్యం చదువుతుంటే ఆమె చేతులు కట్టుకుని వింటూ, "నాది" అనో "కొట్టెయ్యి" అనో చెబుతోంది. కామర్స్ పిల్ల ఏడుస్తూనే, తను రాసినదాన్ని తన పెన్నుతోనే గీతలు పెట్టి కొట్టేస్తోంది. ఒకచోట చాలా మంచి వాక్యం వచ్చింది. సంతలో కోమట్ల సంఘం ధర ఎలా కట్టేదో రెండు ముక్కల్లో చెప్పిన వాక్యం. అది ఆమెదే అయ్యుండాలని నేను లోపల్లోపల మొక్కుకున్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "నాది గాదు. మంచిగున్నది గని నాది గాదు" అంది. ఆ పిల్ల కొట్టేసింది. తనదో కాదో తేలని చోట కూడా కొట్టేయించింది. చివరి ప్రశ్న తెల్లగానే మిగిలిపోయింది. ప్రిన్సిపాల్ ఆసాంతం గుమ్మంలోనే నిలబడ్డారు.

పరీక్షయ్యాక ఆమెను గేటు దాకా నేనే తీసుకొచ్చాను. కామర్స్ పిల్ల దూరంగా వెనక వస్తోంది. ఆమె పిలవలేదు, ఆ పిల్ల దగ్గరికి రాలేదు. ఎండ మండిపోతోంది. ఆటోల వాళ్ళు "స్టేషన్, స్టేషన్" అని అరుస్తున్నారు.

"మేడం, మీకొకటి చెప్పాలె" అంది. "పెన్ను సప్పుడు విన్న. నేను జెల్ది చెప్తా, గామె మెల్లగ రాస్తది అనుకున్న. మొదటిసారి రిజల్టు వచ్చినప్పుడు జర డౌటొచ్చింది. ఒక పేపర్ల సగమే చెప్పిన, మార్కులేమో మస్తు వచ్చినయ్. అడగలే. మార్కులు మంచిగొస్తే ఎవరడుగుతరు మేడం?"

మార్కులు ఎక్కువ వేశారేమిటని నా దగ్గరికి వచ్చిన విద్యార్థిని నా సర్వీసులో చూడలేదు.

"ఇగ నా మార్కులల్ల నావెన్ని?" అని అడిగింది. నన్ను కాదు, ఎవరినీ కాదు. నాకు ఆ రోడ్డు మీదే ఏడుపొచ్చింది. చిట్టీ పెట్టుకుని రాసినవాడికి కూడా తనకు ఎంత వచ్చో లోపల తెలిసే ఉంటుంది. ఈ పిల్లకి మేమందరం కలిసి ఆ సంగతే తెలియకుండా చేశాం. జాలిపడి చేశాం కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు, ఆ పాపం ఆమె నెత్తిన పడింది.

మిగిలిన పేపర్లకి సైన్సు చదివే వేరే అమ్మాయిని కుదిర్చాను. చదివి వినిపించేవాళ్ళు స్క్రైబ్‌గా రాకూడదని కాలేజీలో కొత్త పద్ధతి పెట్టించాను. ప్రిన్సిపాల్ మారుమాట లేకుండా సంతకం పెట్టారు. స్టాఫ్‌రూంలో మాత్రం ఒకావిడ, "కళ్ళున్న మాకే ఈ రోజుల్లో న్యాయం లేదు, ఆ పిల్ల దగ్గర మొదలెట్టారా న్యాయం?" అంది. ఎక్కడ మొదలెట్టాలో ఆ పిల్లే చెప్పింది, వెళ్ళి అడగండి అన్నాను. అప్పట్నుంచీ ఆవిడ నాతో ముక్తసరిగానే మాట్లాడుతోంది.

రిజల్టు వచ్చింది. వర్తకం పేపరు గండం గట్టెక్కింది, అంతే. ముందు వరుసలో ఉండే పిల్ల మధ్యలోకి జారింది. నేను ఓదార్చబోతే ఆమె వేరే మాట ఎత్తింది. మొదటి సెమిస్టర్‌లో తనకు అన్నిటికంటే ఎక్కువ వచ్చిన పేపరు మళ్ళీ రాస్తుందట. ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష కడుతుందట. ఆ పేపర్లో అప్పుడు వచ్చినవి ఎనభైకి అరవై ఎనిమిది.

పరీక్షల సెక్షన్‌కి నేనూ తోడు వెళ్ళాను. కౌంటర్ దగ్గర గుమాస్తా పెద్దాయన మెమో చూసి నవ్వాడు. "అరవై ఎనిమిదికి ఇంప్రూవ్‌మెంటా? ఇంకేం ఇంప్రూవ్ చేస్తవ్ బిడ్డా? సరే, రాయి. తక్కువొస్తే ఫికర్ జెయ్యకు, ఎక్కువదే ఉంచుతరు. నీకేం నష్టం లేదు."

"గదే సార్ నా నష్టం" అంది ఆమె.

ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మార్కులు పెంచుకోవడానికి దారి ఉంది గానీ, తనవి కానివి తిరిగి ఇచ్చేయడానికి ఏ యూనివర్సిటీలోనూ కౌంటర్ లేదు. మెమో మీద ఆ అరవై ఎనిమిది ఎప్పటికీ అలాగే ఉంటుంది. "ఉండనీయ్ మేడం" అంది బయటికొచ్చాక. "ఉన్నది ఉండనీయ్. నాకు తెలిస్తే చాలు."

పుస్తకం చదివి వినిపించే పని నేను తీసుకున్నాను. ఖాళీ పీరియడ్లలో ఫోన్‌లో రికార్డు చేసి పంపేదాన్ని. "మేడం, మీరు చదివితే సుల్తాన్లు గూడ బందరోళ్ళే అనిపిస్తున్నరు" అని వాయిస్ మెసేజ్ పెట్టింది ఒకసారి. పరీక్ష దగ్గరపడుతుంటే స్క్రైబ్ ఎవరని అడిగాను. పైవాటా కామర్స్ పిల్లేనంది. నాకు కోపం నషాళానికి అంటింది.

"బుద్ధుందా నీకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"కొత్తోళ్ళు ఏం రాస్తరో నాకేం ఎర్క మేడం? మొన్నటి సైన్సామె గూడ పాపం అనుకుంటనే రాసింది, ఆమె ఊపిరిల తెలిసింది. గీమె ఒక్కసారి దొరికింది. ఇగ జన్మల రాయదు. ఎన్ని నెలల సంది మా ఇంటి మెట్ల మీద కూసుంటున్నదో తెల్సా? లోపటికి రమ్మంటె రాదు, ఎల్లిపొమ్మంటె పోదు."

చివరికి నేనే తగ్గాను. ఒక షరతు పెట్టాను, ఆటల గదిలో డ్యూటీ నాదే అని. రెస్టు డ్యూటీ కావాలని నేను అడిగేసరికి స్టాఫ్‌రూంలో నా మోకాళ్ళ గురించి ఆరా తీశారు.

పరీక్ష రోజున కామర్స్ పిల్ల బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఆమె నోరు తెరిస్తే పెన్ను కదిలేది, మూస్తే ఆగేది. నా కళ్ళు ఆ పెన్ను మీదే ఉన్నాయి. కొంతసేపటికి ఆమె, "మొదటి జవాబు చదువు" అంది. ఆ పిల్ల చదివింది. "సైన్యానికి జీతం బదులు భూములు ఇచ్చేవారు. ఆ భూముల శిస్తు వసూలు... జర ఆగే, యాదికొస్తలేదు... నీళ్ళియ్యి... ఆఁ, శిస్తు వసూలు అధికారం వారిదే."

ఆమె నోటి నుంచి వచ్చినదల్లా ఆ పిల్ల రాసేసింది. తీసేస్తే తప్పేమోనని భయం. నేను నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆమె ముందు నిర్ఘాంతపోయి, తర్వాత బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. చివరికి ఆ పిల్ల కూడా నవ్వింది, ఏడుపు మొహంతోనే. "నీళ్ళు కొట్టెయ్యే, జవాబు మీద నీళ్ళు పోస్తరా" అంది ఆమె. ఆ గదిలో నేను చేసిన డ్యూటీల్లో అంత సంతోషంగా గడిచింది మరొకటి లేదు. అయినా ఒకటి గమనించాను. ఆ రోజు ఆమె చాలాచోట్ల ఆగింది. ఆగిన ప్రతిచోటా ఖాళీ ఖాళీగానే మిగిలింది.

రిజల్టు వెబ్‌సైట్‌లో పెట్టారు. ఆ పేపరు ఎదురుగా 'మార్పు లేదు' అని ఉంది. అంటే అరవై ఎనిమిది దాటలేదు. ఎంత తగ్గిందో మాత్రం చెప్పరు. ఆమె ఊరుకోలేదు, దిద్దిన పేపరు నకలు కోసం దరఖాస్తు పెట్టించింది. కొన్ని వారాలకి అది ఫోన్‌కి వచ్చింది. ఆమె ఫోన్ మెసేజ్‌లన్నీ పైకి చదివి పెడుతుంది గానీ చేతిరాత ఫొటోని చదవలేదు. "మేడం, మొజంజాహీ మార్కెట్ కాడికి రాండ్రి. ఐస్‌క్రీం తింటా తింటా మీరే చదివి చెప్పున్రి. ఇంకెవరికీ చూపియ్యలే" అంది.

సాయంత్రం వెళ్ళాను. రాళ్ళ కమాను కింద ఐస్‌క్రీం షాపు ముందు కుర్చీల్లో ఆమె, కామర్స్ పిల్ల కూర్చుని ఉన్నారు. సీతాఫలం ఐస్‌క్రీం మూడు కప్పులు బల్ల మీదకి వచ్చాయి. ఆమె కప్పు ముట్టుకోలేదు. ఫోన్ నా చేతికిచ్చి, "చెప్పున్రి" అంది.

మొదటి పేజీ మీద ఎర్రసిరాతో వేసి, చుట్టూ గీత గీసి ఉన్నాయి మార్కులు. యాభై రెండు.

నేను చూసిన అంకెకీ నా నోటికీ మధ్య ఏదో అడ్డం పడింది. ఆమె మొహం నా వైపే ఎత్తి ఉంది. అరవై రెండు అంటే ఏం పోతుంది? మెమోలో ఎలాగూ మారేది లేదు. ఒక్క పది కలిపితే ఆ పిల్ల ఈ రాత్రి హాయిగా నిద్రపోతుంది. ఎవరికీ నష్టం లేదు, ఎవరూ పట్టుకోలేరు. స్కానర్ అనిపించుకున్న నాకు, బెంచీల మధ్య అన్నేళ్ళు తిరిగిన నాకు, ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చేసింది. అబద్ధంలాగా రాలేదు. ప్రేమలాగే వచ్చింది. ఆటల గదిలో ఆ కామర్స్ పిల్ల పెన్ను ఎలా ఆగకుండా వెళ్ళిపోయిందో నాకు అప్పుడు తెలిసింది.

"యాభై రెండు" అన్నాను.

"అరవై అన్నా వస్తదనుకున్న" అంది ఆమె. అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. లెక్చరర్ కావాలన్న పిల్ల, క్లాసులో ముందున్నాననుకున్న పిల్ల, తన అసలు కొలత మొదటిసారి విని ఏడ్చింది. ఇంకా చదువుకోవచ్చు, ఇంకా పెరగొచ్చు, ఇలాంటివేవో అందామనుకుని ఊరుకున్నాను. ఆ ఏడుపు ఆమె హక్కు.

కాసేపటికి తేరుకుని, "మేడం, చెప్పేటందుకు జర సేపు తీస్కున్నరు మీరు" అంది.

"అవును."

"ఎందుకు?"

"ఎక్కువ చెబుదామనిపించింది."

"చెప్పిన్రా?"

"లేదు."

ఆమె చెయ్యి చాపింది. ఫోన్ అందులో పెట్టాను. లోపల పెట్టేసుకుంటుందనుకున్నాను. పెట్టుకోలేదు. పక్క కుర్చీ వైపు తిరిగి కామర్స్ పిల్ల ముందు పట్టుకుంది.

"ఏమే, నువ్వు చదువు."

ఆ పిల్ల భయంగా నా మొహం చూసింది. నాకు మనసు చివుక్కుమంది, ఆ వెంటనే సరేననిపించింది. చదవమని తలూపాను. ఆ పిల్ల ఫోన్ దగ్గరికి తీసుకుని, అంకె కింద వేలు పెట్టి, ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా, "యాభై రెండు అక్కా" అంది.

అప్పుడు గానీ ఆమె చెంచా చేతిలోకి తీసుకోలేదు.